వాయించని మనిషి

కుప్పం నుంచి ఫోను వచ్చినప్పుడు నేను ఎనిమిదో తరగతికి లెక్కలు చెబుతున్నాను. వరండాలోకి వచ్చి ఎత్తాను. మాస్టరు భార్య. ఆమె నర్సుగా పనిచేసి రిటైరైన మనిషి, ఇలాంటి కబుర్లు చెప్పడం అలవాటైన గొంతు. "మీ మాస్టరు పొద్దున పోయినారమ్మా. నిద్రలోనే. అగసాట్లు పడలేదు. సాయంత్రం దాకా ఉంచుతాము, నిదానంగా రా" అంది.

లోపలికి వెళ్ళి బోర్డు మీద సగంలో ఉన్న లెక్క పూర్తి చేశాను. ఎందుకు పూర్తి చేశానో నాకే తెలియదు. తర్వాత హెడ్మాస్టరు గదిలో సెలవు చీటీ రాస్తూ, కారణం దగ్గర ఆగిపోయాను. చుట్టం కాదు. మా ఊరివాడు కాదు. మా మతం కూడా కాదు. చివరికి "గురువు" అని రాసి సంతకం పెట్టాను.

పుంగనూరు నుంచి కుప్పానికి పలమనేరులో బస్సు మారాలి. ఆ మూడు గంటలూ ఆయన గురించి ఒక వరసలో ఆలోచించాలని చూశాను, కుదరలేదు. ఎక్కడ పుట్టాడు, ఏం చదివాడు, ఏమేం చేశాడు అని మొదలుపెడితే నాలుగు వాక్యాల్లో అయిపోతుంది. సిలోను కొండల్లో టీ తోటల కూలీల ఇంట పుట్టాడు. అక్కడి చర్చి వాద్యబృందంలో వయొలిన్ వాయించాడు. ఆ దేశం వద్దంటే, ఈ దేశం రమ్మంటే, ఓడ దిగి మన వైపు ఒక నూలు మిల్లులో చేరాడు. ఆ మిల్లు మూతపడ్డాక మదనపల్లెకు వచ్చి బ్యాండుమేళం పెట్టాడు. ఇంతే. మిగిలినదంతా ఆయన చేతుల్లోనూ కనుబొమల్లోనూ మాటల్లోనూ ఉంది.

మా వైపు ఆయన అసలు పేరు తెలిసినవాళ్ళు పదిమంది ఉండరు. అందరికీ సిలోను మాస్టరే.

నాకు ఆయన తెలిసింది మా నాయన వల్ల. నాయన పేరు మునెప్ప. పలక డప్పు వాయించేవాడు. చావుకూ జాతరకూ పలక, మిగతా రోజుల్లో చేను పని. మదనపల్లెలో ఎవరో సిలోనాయనకు డ్రమ్ము కొట్టేవాళ్ళు కావాలంటే నాయన వెళ్ళాడు. రెండు రోజుల తర్వాత తిరిగొచ్చి, కాళ్ళు కూడా కడుక్కోకుండా అమ్మతో అన్నాడు: "ఆయప్ప నన్ను మీరు అన్న్యాడు మే."

అమ్మ నమ్మలేదు. నాయన కూడా మొదట తననేనా అని వెనక్కి తిరిగి చూశాడట.

మాస్టరుకు తెలుగులో 'నువ్వు' రాదు. మిల్లులో ఉన్నప్పుడు ఎవరో పెద్దమనిషి ఇచ్చిన వాచకం చూసి భాష నేర్చుకున్నాడట. అందువల్ల అచ్చు పుస్తకంలాగే మాట్లాడేవాడు, నడుమ నడుమ అరవ యాస తగిలేది. పలక వాయించేవాళ్ళనూ, టీ గ్లాసులు కడిగేవాళ్ళనూ, పెళ్ళికొడుకు తండ్రినీ ఒకే గొంతుతో "మీరు" అనేవాడు. గుమ్మానికి అడ్డంగా పడుకున్న కుక్కను "మీరు కొంచెం జరగండి" అనడం నేను చెవులారా విన్నాను. బి.కొత్తకోటలో ఒక పెళ్ళిలో, పందిట్లో ఉన్న ఆసామి ఒకాయన మాస్టరును పక్కకు పిలిచి, మేళగాళ్ళను అట్లా పిలిస్తే వాళ్ళు నెత్తికెక్కుతారని హితవు చెప్పాడట. మాస్టరు చేతులు కట్టుకుని పూర్తిగా విని, "నాకు వచ్చిన తెలుగు అంతేనండి" అన్నాడట.

ఈ మాట నాయన మాకు పదిసార్లయినా చెప్పి ఉంటాడు. చివర్లో ఎప్పుడూ ఒకటి కలిపేవాడు: "ఇరవై ఏండ్లుగా ఈడ్నే ఉండాడు. రాకపోవడమేంది? నేర్చుకోకూడదనుకున్న్యాడు."

నాకు ఇరవై రెండేళ్ళప్పుడు టీచరు ట్రైనింగుకు మదనపల్లెలో చేరాను. బడిలో ప్రార్థనకు హార్మోనియం వాయించే టీచరమ్మ దగ్గర అప్పటికే నాలుగు పాటలు నేర్చుకున్నాను. అది చెప్పి నాయన నన్ను మాస్టరు దగ్గరికి తీసుకెళ్ళాడు. సైకిలు షాపు మీద మిద్దెగది. కిటికీ తెరిస్తే బస్టాండు. మూడు ఆదివారాలు ఆయన నన్ను హార్మోనియం ముట్టుకోనివ్వలేదు. కిటికీ దగ్గర కూర్చుని బస్సు హారన్లు వినమన్నాడు. ఏది ఎక్కువ శ్రుతి, ఏది తక్కువ, రెండు కలిసి మోగితే చెవికి హాయిగా ఉందా, ఒరుసుకుంటోందా చెప్పాలి. "పలమనేరు బస్సు ఈరోజు జలుబు చేసినట్టుంది" అనేవాడు నవ్వకుండా. నాకు కోపం వచ్చేది. నాలుగో ఆదివారం పెట్టె తెరిచి, నన్ను కూర్చోమని, "ఇప్పుడు మీ చెవి నిద్ర లేచింది. వేళ్ళను లేపుదాం" అన్నాడు.

టీ విషయంలో మాత్రం ఆయనకు ఓర్పు లేదు. టీ తోటల్లో పుట్టినవాడు కదా. కింద హోటల్లోంచి తెచ్చిన గ్లాసును ముందు ముక్కు దగ్గర పెట్టుకునేవాడు. "ఇది టీ కాదమ్మా. టీ స్నానం చేసిన నీళ్ళు" అనేవాడు. అని మొత్తం తాగేవాడు.

ఆయన మనసంతా ఉన్నది మాత్రం బ్యాండులో కాదు. సిలోనులో ఆయన ఉన్న ఊళ్ళో ఒక ముసలి దొర పాటల నాటకాలు ఆడించేవాడట. మాటలు ఉండవు, అన్నీ పాటలే. వాద్యాలన్నిటికీ ముందు ఆ దొర నిలబడి, చేతిలో సన్నటి పుల్లతో అందరినీ నడిపించేవాడట. దొరకు జబ్బు చేసిన రెండేళ్ళూ ఆ పుల్ల పట్టుకుంది మన మాస్టరే. దాన్ని ఒపేరా అంటారని ఆయన చెబితే మా నాయన చాలా రోజులు తికమకపడ్డాడు. "ఆపరా అంటే ఆపమని గదా, ఈయప్ప మొదలుపెట్టమంటాడేంది" అనేవాడు. ఆ తర్వాత మేళంలో అందరూ దాన్ని 'ఆపరా' అనే పిలిచారు. మాస్టరు కూడా.

"ఆ ముందు నిలబడే మనిషి ఒక్క స్వరం కూడా వాయించడు" అని మాస్టరు చెప్పేవాడు. "ఆయన పని వినడం. ఎవరిని ఎప్పుడు రమ్మనాలో, ఎవరిని ఎప్పుడు ఆగమనాలో తెలియడం." మదనపల్లెలో ఇది ఎవరికీ ఎక్కలేదు. వాయించని మనిషికి మేళంలో చోటేమిటి? కాబట్టి ఆయన ఒక చేత్తో హార్మోనియం వాయిస్తూ, రెండో చేత్తో తిత్తి ఊపుతూ, మిగిలిన పనంతా కనుబొమలతో చేసేవాడు. ఎడమ కనుబొమ లేస్తే క్లారినెట్టు. రెండూ లేస్తే అందరూ. కళ్ళు మూసుకుంటే ఎవరో తప్పు చేసినట్టు. తిట్టేవాడు కాదు. కళ్ళు మూసుకుని కాసేపు ఉండి, మళ్ళీ తెరిచేవాడు.

ఆయనకు రెండు చేతులూ ఖాళీ అయిన రోజు ఒకటి ఉంది. అది పుంగనూరులో.

ఆ ఏడు అక్కడి పద్యనాటకం కమిటీ మాస్టరును సంగీతానికి పిలిచింది. రాజు వేషం ఒక పెద్దరెడ్డిది. మంచి గొంతు, అంతకు మించి రాగం లాగడంలో పేరు. ఒక పద్యం ఎత్తుకున్నాడంటే జనం ఈలలు వేసినంతసేపూ ఆపేవాడు కాదు. పక్కనున్న మంత్రి వేషం కిరీటం తీసి చెమట తుడుచుకుని మళ్ళీ పెట్టుకునేవాడు. మాస్టరు రెండు షరతులు పెట్టాడు. హార్మోనియం దగ్గర నేను కూర్చోవాలి, తాను ముందు నిలబడి నడిపిస్తాడు. యుద్ధం ఘట్టానికి మా నాయనవాళ్ళ నాలుగు పలకలు ఉండాలి. పలకలు నాటకంలో వాయించడం అప్పటిదాకా లేదు. కమిటీవాళ్ళు గొణిగి ఒప్పుకున్నారు.

నాటకం రోజు మధ్యాహ్నం స్టేజీ సర్దుతున్నారు. ఎండ మండుతోంది. వయొలిన్, తబలా, క్లారినెట్టు, హార్మోనియం స్టేజీ మీద ఒక పక్కన జంపఖానా వేసి పెట్టారు. పలకలవాళ్ళకు కింద, స్టేజీ మెట్ల పక్కన, మట్టిలో చోటు చూపించారు. ఎవరూ కులం మాట ఎత్తలేదు. పైన స్థలం చాలదన్నారు, అంతే. నాయన పలక తీసుకుని కిందికి పోయి కూర్చున్నాడు. ఆయనకు అది కొత్త కాదు. నేను మాత్రం పైన, హార్మోనియం ముందు, ఎటు చూడాలో తెలియక కూర్చున్నాను. ఆ జంపఖానా మీద ఉంటే నాకు ముళ్ళ మీద కూర్చున్నట్టు ఉండింది. దిగుదామంటే మాస్టరు మాట పోతుందని భయం. దిగకుంటే నాయన ముఖం చూడలేను.

మాస్టరు స్టేజీ ఈ కొస నుంచి ఆ కొసకు అడుగులు వేసి కొలిచాడు. మళ్ళీ కొలిచాడు. నలుగురు కాదు, పదిమంది పట్టే చోటుంది. అది ఆయన అనలేదు. నా దగ్గరికి వచ్చి, "కొంచెం లేవండమ్మా" అన్నాడు. హార్మోనియం పెట్టె తానే ఎత్తుకుని, మెట్లు దిగి, స్టేజీకి సరిగ్గా ఎదురుగా నేల మీద పెట్టాడు. మళ్ళీ పైకి వచ్చి తన వయొలిన్ పెట్టె తీసుకున్నాడు. తబలా ఆయన ఏమైందన్నట్టు చూశాడు. ఒక్కొక్కరే లేచారు. తబలా, క్లారినెట్టు, తాళాలు. పది నిమిషాల్లో వాద్యాలన్నీ కింద మట్టిలోకి వచ్చేశాయి. పలకలవాళ్ళను కూడా మెట్ల పక్క నుంచి పిలిచి నడుమ కూర్చోబెట్టాడు.

కమిటీ పెద్ద పరుగెత్తుకొచ్చాడు. మాస్టరు ఆయనకు ఎంతో మర్యాదగా వివరించాడు. సిలోనులో పాటల నాటకానికి వాద్యాలు ఎప్పుడూ స్టేజీ ముందు, కిందనే కూర్చుంటాయట. పెద్దపెద్ద దొరల దేశాల్లో కూడా అంతేనట. గొయ్యి తవ్వి మరీ కూర్చోబెడతారట. పైన కూర్చోబెట్టడం పద్ధతి కాదట. కమిటీ పెద్ద తెర వైపు చూశాడు. అప్పటికే ముఖానికి రంగు వేసుకుంటున్న పెద్దరెడ్డి తెర పక్క నుంచి వచ్చి, అద్దం చేతిలో పట్టుకునే కిందికి చూశాడు.

"నువ్వు ఆడ కింద కూసుంటే నాకు అందేదెట్ల మాస్టరూ? నేను పాడేది నీకు తెలిసేదెట్ల?"

"నేను కూర్చోనండి, నిలబడతాను" అన్నాడు మాస్టరు. "మీరు నన్ను చూస్తే చాలు."

పెద్దరెడ్డి కింద కూర్చున్న పలకలవాళ్ళను చూశాడు. ఆయనకు అసలు సంగతి తెలియక కాదు, తెలుసు. ఆ ఊళ్ళో పుట్టినవాడికి తెలియకుండా ఉంటుందా. నాటకం మానేసి పొమ్మంటాడేమో అనుకున్నాను. ఆయన అద్దం తిప్పి మీసం సరిచూసుకుని లోపలికి వెళ్ళిపోయాడు.

ఆ పూట మాస్టరు మా ముందు మొదటిసారి రెండు చేతులూ ఎత్తి నిలబడ్డాడు. పుల్ల కూడా లేదు. ఉత్త చేతులు. ముప్ఫై ఏళ్ళు దాటినా ఆ భుజాలు నాకు కనిపిస్తూనే ఉంటాయి. యుద్ధంలో పలకలు ఎత్తుకున్నప్పుడు ముందు వరసలో కూర్చున్న పిల్లలు లేచి నిలబడ్డారు. పెద్దరెడ్డి పద్యం ఎత్తి, అలవాటుగా రాగం లాగబోయి, మాస్టరు చెయ్యి నెమ్మదిగా దిగడం చూసి, దానితోపాటే గొంతు దించేశాడు. ఈల వేయడానికి ఎవరికీ తోచలేదు.

బస్సులో ఇంటికి పోతూ నాయన ఒకే మాట అన్నాడు. "ఆయప్ప మనల్ని పైకి ఎక్కించలే. అందర్నీ మన దగ్గరికి దించినాడు." కాసేపటికి మళ్ళీ, "ఎక్కించింటే కొట్లాట అయ్యుండేది" అన్నాడు.

దానికి ఫలితం లేకపోలేదు. కమిటీ మూడేళ్ళు ఆయనను పిలవలేదు. ఆ మాట చుట్టూ పాకి పలమనేరు, గుర్రంకొండ వైపు కూడా పిలుపులు తగ్గాయి. ఆయన పెళ్ళిళ్ళ బ్యాండుతో నెట్టుకొచ్చాడు. నాలుగో ఏడు పెద్దరెడ్డే సైకిలు షాపు మిద్దె మెట్లెక్కి వచ్చాడు. నేను అక్కడే ఉన్నాను. కుర్చీ వేస్తే కూర్చోలేదు. ఈ మూడేళ్ళూ తన పద్యం పద్యం కాలేదని, గొంతు యాడ ఆపల్లో చెప్పేవాడు లేడని, మేళం కింద కూర్చున్నా తనకేమీ అభ్యంతరం లేదని చెప్పి వెళ్ళిపోయాడు. ఇప్పటికీ మా వైపు రెండు మూడు నాటకం పార్టీలు వాద్యాలను స్టేజీ ముందు కిందనే కూర్చోబెడతాయి. ఎందుకని అడిగితే సిలోను పద్ధతి అంటారు. అంతకు మించి వాళ్ళకు తెలియదు.

ఆయనను మద్రాసు కూడా పిలిచింది. సినిమా పాటలకు వాయించే పెద్ద బృందంలో వయొలిన్ చోటు. అందరం దండ వేసి బస్సెక్కించాం. పదకొండో రోజు పొద్దున గదికి వెళితే ఆయన అక్కడ కూర్చుని వయొలిన్ తీగలు మారుస్తున్నాడు. ఏమైంది మాస్టరూ అని అడిగాను. "అక్కడ అందరూ బాగా వాయిస్తారమ్మా. నాకేం పని?" అన్నాడు. అది గొప్పకు అన్న మాట కాదు. నిజంగానే పని దొరకని మనిషి ముఖంతో అన్నాడు.

తర్వాత పెళ్ళిళ్ళకు డీజే పెట్టెలు వచ్చాయి. బ్యాండు చెల్లిపోయింది. నాయన పోయాడు. మాస్టరు భార్యకు కుప్పం బదిలీ అయితే ఆయనా అక్కడికి వెళ్ళి, రైలు పట్టాల దగ్గర ఇల్లు తీసుకుని, అక్కడి చర్చిలో పాడేవాళ్ళను కూడగట్టాడు. నాకు పుంగనూరులో ఉద్యోగం. ఏడాదికి ఒకసారో రెండుసార్లో చూసి వచ్చేదాన్ని. ఈ మధ్య రెండు మూడేళ్ళు అదీ కుదరలేదు.

ఆ రోజు నేను వెళ్ళేసరికి కుప్పంలో ఇంటిముందు జనం ఉన్నారు. సమాధి దగ్గర ఆయన పిల్లలు పాడారు. పిల్లలంటే ఆయన పాటబృందం. దాని గురించి నేను రాయలేను. రాయగలిగింది పోయిన ఎండాకాలం సంగతి.

ఒక ఆదివారం ఆరాధన అయ్యాక వెళ్ళాను. హాల్లో పద్దెనిమిదిమంది నిలబడి పాడుతున్నారు. డిగ్రీ చదివే పిల్లలు, సెల్‌ఫోన్ షాపులో పనిచేసే అమ్మాయి, రిటైరైన రైల్వే గేటుమాన్ ఒకాయన. మాస్టరు ముందు నిలబడి ఉన్నాడు. బాగా చిక్కిపోయాడు. చేతులు మాత్రం అవే. నేను వెనక బెంచీలో కూర్చున్నాను. రెండో చరణం దగ్గర ఎడమ పక్కవాళ్ళు వెనకబడ్డారు. ఆయన కళ్ళు మూసుకుంటాడని చూశాను. మూసుకోలేదు. చేతులు ఆడుతూనే ఉన్నాయి. మూడో చరణానికి పాట రెండుగా చీలిపోయింది. ఆయన ముఖంలో ఏ మార్పూ లేదు.

నడుమ కాసేపు ఆపినప్పుడు సెల్‌ఫోన్ షాపు అమ్మాయి నాకు నీళ్ళు తెచ్చి ఇచ్చి, గొంతు తగ్గించి చెప్పింది. "మాస్టరుకు చెవులు వినపడవక్కా. మాకు తెలుసునని ఆయనకు తెల్దు. చెప్పొద్దు." ఆమె పోయాక గేటుమాన్ వచ్చాడు. ఆ సంగతి తనకొక్కడికే తెలుసునని, పిల్లలకు తెలియనివ్వొద్దని చేతులు పట్టుకున్నాడు. వాకిట్లో మాస్టరు భార్య కూడా అదే చెప్పింది. ఎవరికీ తెలియదంది.

నేను మళ్ళీ బెంచీ మీదికి వచ్చాక మాస్టరు కుర్చీ జరుపుకుని నా పక్కన కూర్చున్నాడు. నేను ఆయన వైపు తిరిగి, పెదవులు కనబడేలా నిదానంగా, "వినపడతాండాదా మాస్టరూ?" అని అడిగాను.

ఆయన నా నోటి వైపే చూశాడు. "లేదమ్మా. రెండేళ్ళయింది. ఎవరికీ చెప్పకండి" అన్నాడు. ఆ మీదట చిన్నగా నవ్వాడు. "నా చెవులు బాగున్నప్పుడు వీళ్ళు ఒక్క రోజూ సరిగ్గా పాడలేదు. ఇప్పుడు ఒక్క తప్పూ లేదు."

ఆ నవ్వు ఎక్కువసేపు నిలవలేదు. చేతులు ఒళ్ళో పెట్టుకుని, "మీరు చెప్పండి. ఎలా ఉంది?" అన్నాడు.

ముప్ఫై ఏళ్ళలో ఆయన నన్ను ఆ మాట అడగడం అదే మొదలు. అటు చూస్తే పద్దెనిమిదిమందీ మమ్మల్నే చూస్తున్నారు. సెల్‌ఫోన్ షాపు అమ్మాయి తల అడ్డంగా ఊపుతోంది. బాగుంది అనడం ఎంత సులువు. అంటే ఆయన ఇంటికి పోయి నెమ్మదిగా అన్నం తిని పడుకుంటాడు. రెండేళ్ళుగా వీళ్ళందరూ ఆయనకు ఇస్తున్నది అదే, ప్రేమతోనే. కానీ ఆయన నా కళ్ళలోకి చూడటం లేదు. కదలబోయే పెదవుల కోసం కాచుకుని ఉన్నాడు, ఆకలిగా ఉన్న మనిషి వడ్డించే చేతిని చూసినట్టు.

"ఎడమ పక్క వెనకబడతాండారు" అన్నాను. "రెండో చరణంలో. అర తాళం."

ఆయన మళ్ళీ చెప్పమన్నాడు. మళ్ళీ చెప్పాను. అర తాళమా, పావా అని వేళ్ళతో చూపించి అడిగాడు. నేను వేళ్ళతోనే చూపించాను. ఆయన లేచిన వేగానికి కుర్చీ వెనక్కి పడిపోయింది. తిన్నగా ఎడమ పక్కవాళ్ళ దగ్గరికి వెళ్ళి, "మీరు ఊపిరి ఆలస్యంగా తీసుకుంటున్నారు" అని చెప్పి చేతులు ఎత్తాడు. వాళ్ళు పాడారు. ఆయన నా వైపు చూశాడు. కాదని తల ఊపాను. మళ్ళీ పాడారు. కాదన్నాను. అన్నాల వేళ దాటిపోయింది. సెల్‌ఫోన్ షాపు అమ్మాయి కళ్ళలో నీళ్ళు, నా మీద కోపం. ఆయన చొక్కా వీపున తడిసిపోయింది. ముఖం మాత్రం పుంగనూరు మట్టిలో నిలబడినవాడిలా ఉంది. అయిదోసారి నేను అవునని తల ఊపాను.

బయటికి వచ్చాక గేటు దగ్గర ఆగి, వచ్చే ఆదివారం కూడా రాగలరా అని అడిగాడు. పొద్దున ఆరుకే బయలుదేరాలి, రెండు బస్సులు ఎక్కాలి మాస్టరూ అన్నాను. ఆయన నా పెదవుల వైపు చూడకుండా రోడ్డు వైపు చూస్తున్నాడు.

ఆ ఆదివారం వెళ్ళాను. ఆ పై ఆదివారం కూడా. మొన్నటి ఆదివారం దాకా.